మా టీములో దొంగ

మే 8, 2005. ఆదివారం

గణేష్‌బాబు ఒప్పుకున్నాడు. అంటే వ్యాను దొరికినట్టే. టీములో వాడి పేరు రాయించాం గానీ నిజానికి మాకు కావలసింది వాళ్ళ నాన్న బట్టల కొట్టు మారుతీ వ్యాను.

శనివారం రాత్రి ట్రెజర్ హంట్. ఊళ్ళో కుర్రాళ్ళ క్లబ్బొకటి మూడేళ్ళుగా పెడుతోంది. రాత్రంతా రాజమండ్రి చుట్టూ తిరగాలి. తెల్లారేలోపు ఆఖరి చోట పాతిన జెండా ఎవరు పీకితే షీల్డు వాళ్ళది. రోడ్డు మీద ముగ్గురు, ఇంట్లో ఫోన్ దగ్గర ఒకరు ఉండాలని రూలు. క్లూలన్నీ సీలు వేసిన కవర్లలో ఇంట్లో మనిషి దగ్గరే ఉంటాయి. మనం ఒక చోటికి చేరగానే అక్కడి వాలంటీరు ఒక నంబరు చెప్తాడు. ఇంటికి ఫోన్ చేసి ఆ నంబరు చెప్తే, ఇంట్లో వాళ్ళు ఆ కవరు చింపి చదువుతారు. అది విప్పుకుని తర్వాత చోటికి పరిగెత్తడమే. అన్ని టీములకీ అవే చోట్లు, అదే వరస.

రోడ్డు మీద నేను, సుధాకర్, గణేష్‌బాబు. ఇంట్లో నాన్నగారు. బతుకంతా తెలుగు మేష్టారుగా చేసి రిటైరైన మనిషి. పొడుపు కథంటే అన్నం కూడా అక్కర్లేదు ఆయనకి. చెల్లాయి దేవిశ్రీ పక్కన కూర్చుని కవర్లు అందిస్తుంది.

సుధాకర్ ఈమాటు మరీ హుషారుగా ఉన్నాడు. ఉండడూ మరి. వచ్చే నెలలో వాడికీ చెల్లాయికీ తాంబూలాలు. మూడో క్లాసు నుంచీ నా పక్క బెంచీలో కూర్చున్నవాడు నాకు బావ అవుతున్నాడు. అమ్మ పోయాక ఇంట్లో ఏ పెద్ద పనైనా నాన్నగారు నన్నడిగే చేస్తారు. ఈ సంబంధం కూడా నేను సరే అన్నాకే ఆయన సరే అన్నారు.


మే 12

డ్యూటీ దిగి ఇప్పుడే వచ్చాను. తుని దాకా వెళ్ళి రావడం. ఇద్దరిని పట్టాను. టికెట్టు లేనివాణ్ణి ముఖం చూసి చెప్పేస్తాను. నిద్ర నటించేవాడు, బాత్రూం తలుపు దగ్గర నిలబడేవాడు, టీసీని చూడగానే అడక్కుండా నమస్కారం పెట్టేవాడు. ఈ సర్వీసులో నా కన్ను తప్పింది బహు తక్కువ.

ఇంట్లో కూడా అదే చూపా అన్నయ్యా అని దేవిశ్రీ కసిరింది. పాలవాడిని నీళ్ళ సంగతి అడిగానని. అడగొద్దా?

ఎదురింటి సత్తిరాజు టీము కూడా దిగుతోందిట. పోయినేడు షీల్డు వాడిదే. దాన్ని వీధి గదిలో మా గుమ్మానికి ఎదురుగా పెట్టి ఏడాది పొడుగునా దులుపుతూనే ఉన్నాడు. పసుపు కుంకుమ పెట్టి హారతివ్వడం ఒక్కటే తక్కువ.


మే 14, శనివారం. రాత్రి, దేవీచౌక్

వ్యానులో కూర్చుని రాస్తున్నాను. గణేష్‌బాబు ఇడ్లీ బండి దగ్గర నిలబడి తింటున్నాడు. నాలుగిట్లో రెండు చోట్లయ్యాయి. మేమే ముందున్నాం.

కానీ రెండు చోట్లా మా వెనకే సత్తిరాజు దిగాడు. మిగతా టీముల జాడ లేదు. వాడొక్కడే. మొదటిసారి అదృష్టం అనుకున్నాను. రెండో క్లూ అదృష్టంతో తేలేది కాదు.

సుధాకర్ బండి వెనక చీకట్లో నిలబడి సెల్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.


మే 15, ఆదివారం. తెల్లారింది

ఓడిపోయాం. నిద్ర రావట్లేదు. వరసగా రాస్తాను, రాస్తే గానీ నాకు తేలదు.

మొదటి కవరు. వందేళ్ళు బరువులు మోసి ఇప్పుడు ఖాళీగా నిలబడ్డ ముసలాయన కాళ్ళ దగ్గరికి రమ్మని. నాన్నగారు చదవడం పూర్తికాకుండానే చెప్పేశాను, పాత రైలు వంతెన అని. రైల్వేవాణ్ణి, ఆమాత్రం తెలీదా. నాన్నగారు అదే మాట రెండుసార్లు అని ఖాయం చేసుకున్నారు. మేం నంబరు తీసుకుని తిరిగేసరికి సత్తిరాజు వాళ్ళ బళ్ళు వచ్చి ఆగాయి.

రెండోది ఆరు పాదాల పద్యం. నేనూ సుధాకర్ రాసుకుని అర్థం కోసం కొట్టుకుంటున్నాం. నాన్నగారు ఫోన్లోనే పాదాల మొదటి అక్షరాలు కూడబలికారు. కంబాలచెరువు. మేష్టారు మేష్టారే. అలాంటిది, మేం వెళ్ళిన కాసేపటికే సత్తిరాజు కూడా కంబాలచెరువు దగ్గర దిగాడు. పదో క్లాసులో తెలుగు రెండుసార్లు తప్పినవాడు వాడు. తప్పించింది మా నాన్నగారే.

అక్కడే సుధాకర్ మొదటిసారి అడిగాడు. ఇకనుంచి ఇంటికి ఫోన్ తను చేస్తాట్ట, అవతల కూడా నాన్నగార్ని కాకుండా దేవిశ్రీని తీసుకోమంటాట్ట. ఎందుకురా అంటే ఊరికేలేరా అన్నాడు. ఊరికే అనే మాటని నేను రోజూ వింటాను, రిజర్వేషన్ బోగీలో. ఇవ్వనన్నాను. సెల్ వాడిదే అయినా మాట్లాడింది నేనే.

మూడోది ధవళేశ్వరం. ఈ నేలకి అన్నం పెట్టాడు, గుర్రం మాత్రం దిగడు. కాటన్ దొర విగ్రహమని చంటిపిల్లాడైనా చెప్తాడు. దాన్ని లెక్కలోకి తియ్యను.

ఆఖరిది అసలైంది. రైలు ఆగుతుంది గానీ బోర్డు మీద ఊరి పేరుండదు, ఏటి పేరుంటుంది. నాన్నగారు చదివారు, గోదావరి స్టేషనండీ అని నేనన్నాను, ఆయన ఆ మాట పలికి రైటన్నారు. అంతే, క్షణంలో తేలిపోయింది. మేం వ్యానెక్కుతుంటే సత్తిరాజు వాళ్ళు అప్పుడే వచ్చి బళ్ళకి స్టాండు వేస్తున్నారు. ఇంకా నంబరు కూడా తీసుకోలేదు.

మేం గోదావరి స్టేషన్‌కి వెళ్ళేసరికి జెండా వాడి చేతిలో ఉంది.

బళ్ళు సందుల్లోంచి దూరిపోతాయి, నిజమే. గణేష్‌బాబు సోడా కోసం ఆపాడు, అదీ నిజమే. కానీ ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషమైనా పట్టాలిగా. అంటే జవాబు ముందే తెలుసు. జవాబు తెలిసినవాళ్ళం ముగ్గురం. నేను చెప్పలేదు. గణేష్‌బాబు డ్రైవింగు చేస్తూ నోటినిండా పకోడీ పెట్టుకున్నాడు. నాన్నగారు ఇంట్లో ఉన్నారు కాబట్టి ఆయన్ని లెక్క వెయ్యను. ఇక మిగిలింది ఎవరు? దారంతా వెనక సీట్లో వంగి గుసగుసగా సెల్‌లో మాట్లాడినవాడు.

సత్తిరాజు నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. మీ వాళ్ళ సాయం లేకపోతే గెలిచేవాళ్ళం కాదండీ అని ఒక నవ్వు నవ్వాడు. నేను సుధాకర్ వైపు చూశాను. వాడు నేల చూపులు చూస్తున్నాడు. ఆ చూపు నేను రోజూ చూసేదే.

షీల్డు పోతే పోయింది. వీడికా నా చెల్లెల్నిచ్చేది?


మే 16

గణేష్‌బాబుని కదిపాను. వాడికేం అనుమానం లేదుట. వచ్చే ఏడు పకోడీ మూటకట్టుకుని వెళ్ళాలన్నాడు. వాడితో నాకు సాయం లేదు.

సాయంత్రం సుధాకర్ ఇంటికొచ్చాడు. అర్జంటుగా ఆఫీసుకి ఫోన్ చెయ్యాలని వాడి సెల్ తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. డయల్ చేసిన నంబర్లు చూశాను. ఆ రాత్రి నేను చేసినవి కాక మరో మూడు కాల్స్. మూడూ మా ఇంటి నంబరుకే.

మిగతావి చెరిపేశాడన్నమాట. దొంగని ఎంత బాగా పెంచుకున్నాను.

తిరిగి ఇస్తుంటే నా ముఖంలోకి చూశాడు. ఏరా దొరికిందా అన్నాడు. ఏంటి అన్నాను. ఆఫీసు అన్నాడు.


మే 19

ఆగలేకపోయాను. పుష్కరాల రేవుకి రమ్మన్నాను. మెట్ల మీద కూర్చున్నాం. శనగలు కొన్నాడు, నేను ముట్టుకోలేదు.

మొహం మీదే అడిగేశాను. సత్తిరాజుకి జవాబులు అందించింది నువ్వేనా అని.

తప్పు చెయ్యనివాడైతే లేచి నా చెంప పగలగొట్టాలి. నేనైతే కొట్టేవాణ్ణి. వాడు శనగల పొట్లం మడిచి పక్కన పెట్టి, నేను కాదురా అన్నాడు. మరెవరంటే తెలీదనలేదు. చెప్పనన్నాడు. నీకు నమ్మకం కలిగితే కలిగింది, లేకపోతే లేదన్నాడు.

లేచి వెళ్ళబోతూ ఇంకో మాట అన్నాడు. నా గురించి ఏమన్నా అనుకో గానీ, నాన్నగారి దగ్గర మాత్రం ఈ ప్రస్తావన తేవద్దని. ఆ రాత్రి జవాబులెలా బయటికి పోయాయన్న మాటే ఆయన ముందు ఎత్తొద్దని. దణ్ణం పెట్టినంత పని చేశాడు.

ఇంకేం కావాలి నాకు? కాబోయే మావగారి దగ్గర పరువు పోతుందని భయం. ఒప్పుకున్నట్టే.

వాణ్ణి కొట్టాలనిపించలేదు. ఏడుపొచ్చింది. రేవులో జనం ఉన్నారని మింగేశాను.


మే 22

నాన్నగారికి చెప్పాను. ట్రెజర్ హంట్ మాట ఎత్తలేదు, వాడు అడిగాడని కాదు, అంత చిన్న విషయానికి సంబంధం వదులుకుంటామా అంటారని. కుర్రాడు నమ్మదగినవాడు కాదండీ, నాకు రుజువు దొరికిందండీ అన్నాను. అంతే. ఆయన విసనకర్ర ఆడించడం ఆపారు. నువ్వు చూస్తే చాలురా, నీ కన్ను తప్పదు అన్నారు. తాంబూలాలు ఆపుదాం, ద్రాక్షారామం బాబాయితో ఒక మాట అనుకుని వాళ్ళకి మెల్లిగా కబురు పెడదాం అన్నారు.

దేవిశ్రీ వంటింటి గడపలో నిలబడి విన్నది. ఎందుకని అడిగింది. నీ మంచికే అన్నాను. మంచి సంగతి తర్వాత, కారణం చెప్పమంది. చెప్పలేదు. అది అన్నం తినలేదు. నేనూ తినలేదు.


మే 24

నా కంటికి నిద్ర లేదు. వాడి దగ్గర్నుంచి ఫోన్ లేదు.


మే 27

రాయాలని లేదు. అయినా రాస్తాను.

పొద్దున్న ఎదురింటి పెద్దింట్లమ్మ గారు పిలిచారు. సత్తిరాజు నాయనమ్మ. తిరుపతి టికెట్టు వెయిటింగ్ లిస్టులో ఉందిట, కాస్త చూడు బాబూ అని. టీసీకి ఇరుగుపొరుగు ఉన్నది ఇందుకే. వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ మజ్జిగ ఇచ్చారు. సత్తిరాజు చెల్లెలు వీరదుర్గ స్తంభానికి ఆనుకుని చదువుకుంటోంది. పుట్టినప్పట్నుంచీ ఈ వీధిలో ఉన్నాను గానీ, ఆ అరుగు మీద కూర్చుని మా ఇంటి వైపు చూడ్డం అదే మొదలు.

మా ఇంట్లో ఫోన్ మోగింది. నాన్నగారు తీశారు. మా ఫోను వీధి గదిలో కిటికీ పక్కనే ఉంటుంది. ఎండాకాలం, కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసి ఉన్నాయి.

హలో, ద్రాక్షారామమా, వినపడుతోందా అన్నారు నాన్నగారు. వీధి చివర దాకా వినపడింది. ట్రంకాల్ రోజుల గొంతు ఆయనది. చెవులు మందగించాక ఇంకా పెంచారు. తనకి వినపడనిది అవతలివాడికీ వినపడదని ఆయన లెక్క. అవతలివాళ్ళు అన్న ప్రతి మాటనీ తిరిగి పలికి గానీ నమ్మరు. ఆ గొంతులోనే పుట్టి పెరిగినవాణ్ణి, అది అరుపని నాకెప్పుడూ తట్టలేదు. మా ఇంట్లో ఫోన్ మాట్లాడ్డమంటే అదే.

ఆ అరుపులో ఆయన చెప్పింది ఇది. సుధాకర్ సంబంధం మానుకుంటున్నాం. కుర్రాడు నమ్మదగినవాడు కాడు. ఆ, కాడు. మావాడు రుజువు పట్టాడు. ఏం రుజువో అడగలేదు. మావాడి కన్ను తప్పదు.

నీళ్ళు పడుతున్న ఆడవాళ్ళు బిందెలు దింపి మా కిటికీ వైపు చూశారు. చాకలి ఆగిపోయాడు. పెద్దింట్లమ్మ గారు నా ముఖం చూడకుండా మజ్జిగ గ్లాసు తీసుకున్నారు.

ట్రెజర్ హంట్ రాత్రి మీ ఇంట్లో ఫోన్ దగ్గర ఎవరు కూర్చున్నారమ్మా అని వీరదుర్గని అడిగాను. నేనేనన్నయ్యా, ఈ అరుగు మీదే కూర్చున్నాను సెల్ పెట్టుకుని అంది. ఆ పిల్ల ఏం దాచలేదు. తను చెవి పెట్టి వినలేదుట. మేష్టారు కవరు చదివిందీ, జవాబు చెప్పిందీ వీధి వీధంతా విన్నదిట. పద్యం అయితే పక్కింటివాళ్ళు లేచి కూర్చుని విన్నారుట. చెవుల్లో దూది పెట్టుకోమంటారా అని అడిగింది.

మధ్యలో మీ దేవిశ్రీ మూడుసార్లు కిటికీ మూసింది, మేష్టారు ఉక్కపోస్తోందని మూడుసార్లూ తీసేశారు అంది.

మూడు కాల్స్.

ఇంటికొచ్చి దేవిశ్రీ ముందు నిలబడ్డాను. ఎలా అడగాలో తెలీక సుధాకర్ నీకు ఫోన్ చేశాడా ఆ రాత్రి అన్నాను. చేశాడు అంది. మొదటిసారి నాన్నగారు పెరట్లో ఉన్నార్ట, ఆ తర్వాత ఆయన మంచినీళ్ళకనో దేనికనో లేచినప్పుడల్లా తనే వాడి సెల్‌కి మిస్డ్ కాల్ ఇచ్చిందిట. కిటికీ ముయ్యి, వీలైతే ఫోన్ నువ్వు తియ్యి అని. పాత వంతెన దగ్గరే వాడికి అర్థమైపోయిందిట. నాతో చెప్తే గణేష్‌బాబుకి తెలుస్తుంది, గణేష్‌బాబుకి తెలిస్తే ఊరంతా మేష్టారి చెవుడు కథ చెప్పుకుని నవ్వుతుంది. పోయినేడు చెవికి మిషను పెట్టించుకుందామని దేవిశ్రీ అన్నందుకు నాన్నగారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అది సుధాకర్‌కి తెలుసు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని దాని దగ్గర మాట తీసుకున్నాట్ట.

సంబంధం ఆపడానికి ఇదా కారణం అని అడిగింది. తలాడించాను. నన్నొక్క మాటడిగుంటే చెప్పేదాన్ని కదా, నిన్ను కారణం అడిగాను కదా అంది. తిట్టినా బాగుండేది.


మే 28

సుధాకర్ వాళ్ళమ్మ రత్నమాణిక్యం గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. నిన్న మధ్యాహ్నానికే ఆవిడ చెవిన పడిందిట. మీరు శ్రమపడి కబురు పెట్టక్కర్లేదు, మేమే మానుకుంటున్నామని.

దేవిశ్రీ గదిలోంచి రాలేదు.

నాన్నగారు చూశావా, తప్పున్నవాళ్ళే తొందరపడతారు అన్నారు. ఆయనకేమీ తెలీదు. ఆయనకి చెప్తే సుధాకర్ కాపాడిందంతా నేను చెడగొట్టినట్టు. చెప్పకపోతే వాడు దొంగగా మిగిలిపోతాడు. వాడు నోరు నొక్కుకున్నది ఇందుకే, ఇప్పుడు నా నోరూ నొక్కుకుపోయింది.


మే 30

వాళ్ళింటికి వెళ్ళాను. సుధాకర్ లేడు, ఉన్నా లేడనమన్నాడో తెలీదు.

రత్నమాణిక్యం గారు తలుపు మొహాన వేస్తారనుకున్నాను. వెయ్యలేదు. కుర్చీ వేశారు. ఫ్యాను నా వైపు తిప్పారు. పెసరట్టు వేసి అల్లప్పచ్చడి వడ్డించారు. చిన్నప్పట్నుంచీ నన్ను ఒరే జానకీ, కాళ్ళు కడుక్కుని రా అని పిలిచిన మనిషి, తినండి బాబూ, మొహమాటపడకండి అన్నారు. టీసీ గారు మా ఇంటికి రావడమే మా అదృష్టమండి, మా సామాన్లు కూడా ఒకసారి చెక్ చేసుకు వెళ్ళండి అన్నారు. ఎక్కడా గొంతు పెంచలేదు. మా గోదావరోళ్ళ మర్యాద ఎంత పదునో నా మీద పడేదాకా నాకు తెలీలేదు.

తప్పు నాదేనండీ, వాడు బంగారమండీ అని ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాను. మాకు చెప్పి ఏం లాభం బాబూ, మాకు తెలుసు మావాడి సంగతి అన్నారు. ఎవరి చెవిన వేశారో వాళ్ళకి చెప్పుకోండి అన్నారు.


మే 31

ఎవరి చెవిన వేశాను. వీధి మొత్తం చెవిన.


జూన్ 1

పొద్దున్నే నీళ్ళొచ్చే వేళ చూసుకున్నాను. కుళాయి దగ్గర అందరూ ఉన్నారు. పెద్దింట్లమ్మ గారు అరుగు మీదున్నారు. సత్తిరాజు బండి తుడుచుకుంటున్నాడు. వీధి గదిలోకి వెళ్ళి కిటికీ రెక్కలు రెండూ తోసి తీశాను. నాన్నగారు పక్కనే కుర్చీలో పేపరు చదువుతున్నారు. ద్రాక్షారామం బాబాయికి ఫోన్ కలిపాను.

నాన్నగారి గొంతు నాకూ ఉందని అప్పుడే తెలిసింది. బాబాయ్, వినపడుతోందా, సుధాకర్ సంగతి అన్నాను. ఆ, సుధాకర్. వాడిలో ఏ తప్పూ లేదు. నేను తప్పుగా అనుమానపడ్డాను. నాకు దొరికిన రుజువు రుజువు కాదు. కాదు, కాదు అంటున్నాను. మా ఇంటి పరువు కోసం మాట పడ్డాడు వాడు, నా నోటితో నేనే వాణ్ణి దొంగని చేశాను. మా చెల్లెల్ని చేసుకోమని ఎన్నిసార్లైనా అడుగుతాను. అవతల బాబాయి అంత అరవక్కర్లేదురా, వినపడుతోంది అంటున్నాడు. నేను ఆపలేదు. ప్రతి మాటా రెండేసిసార్లు చెప్పాను.

వీధిలో బిందె చప్పుడు లేదు. సత్తిరాజు గుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఫోన్ పెట్టేశాక నాన్నగారు పేపరు దించారు. అంత అరుస్తావేంట్రా, అవతలవాడికేమన్నా చెవుడా అని విసుక్కున్నారు. తర్వాత, అనుమానం తీరిందన్నమాట, సంతోషం అన్నారు. ఎలా తీరిందని అడగలేదు. అడుగుతారేమోనని నేను పెరట్లోకి వెళ్ళి నూతి చప్టా మీద కూర్చున్నాను.

దేవిశ్రీ వచ్చి కాఫీ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళింది.


జూన్ 9

దేవిశ్రీ తనే వెళ్ళి రత్నమాణిక్యం గారితో మాట్లాడి వచ్చింది. నన్ను తోడు రమ్మనలేదు.


జూన్ 14

కబురొచ్చింది. ఆషాఢం వెళ్ళాక, శ్రావణంలో తాంబూలాలు, మాఘంలో పెళ్ళి. నాన్నగారు ఫోన్లో చుట్టాలకి చెప్పుకున్నారు. వీధికి వేరే శుభలేఖ అక్కర్లేదు.

దేవిశ్రీ సుధాకర్ గురించి ఒక్క మాటంది. ఆయన ఒప్పుకున్నది నా మొహం చూసి అన్నయ్యా, నీ మొహం చూసి కాదు, అది గుర్తుంచుకో అని. గుర్తుంది.


ఆగస్టు 21

తాంబూలాలయ్యాయి. సుధాకర్ అందరితో నవ్వుతూ మాట్లాడాడు. నాతో కూడా.

ఆ నవ్వు నాకు తెలీదు. సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌లో సీటు కోసం నాతో నవ్వేవాళ్ళు చాలామంది ఉంటారు. అలాంటి నవ్వు.


ఫిబ్రవరి 9, 2006. గురువారం

పెళ్ళి ఈవేళ.

కాశీయాత్ర నా వంతు. పెళ్ళికొడుకు గొడుగూ కర్రా పట్టుకుని, సన్యాసం తీసుకుంటా, కాశీకి పోతానని బయల్దేరతాడు. బావమరిది ఎదురెళ్ళి, బెల్లం ముక్క నోట్లో పెట్టి, గడ్డం పట్టుకుని బతిమాలి వెనక్కి తేవాలి. అందరికీ తమాషా. నాలుగడుగులు వేసి ఆగిపోతారు ఎవరైనా.

సుధాకర్ ఆగలేదు. పందిరి దాటాడు. వీధిలోకి వెళ్ళాడు. సన్నాయి వాళ్ళు కొంత దూరం వచ్చి ఆగిపోయారు. ఫోటోలవాడు చాలండీ అని అరిచాడు. నేను చెప్పుల్లేకుండా వెనక పడ్డాను. మలుపు దగ్గర ముందుకెళ్ళి అడ్డంగా నిలబడ్డాను. అక్కడ మేమిద్దరమే. గడ్డం పట్టుకున్నాను. వెళ్ళిపోకురా అన్నాను. మంత్రంలో లేని మాట అది. నిజంగా బతిమాలాను. ఏడ్చాను కూడా.

నా చేతిలో బెల్లం తీసుకుని తనే నోట్లో వేసుకున్నాడు. భుజం తట్టాడు, పరాయివాళ్ళని తట్టినట్టు. వెనక్కి తిరిగాడు.

పదండి జానకిరామ్ గారూ, ముహూర్తం మించిపోతుంది అన్నాడు.